మడత పుస్తకానికి పసుపు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో కాస్త ఇంగ్లీషు పేపరు మొహం చూసే ప్రతివాడూ ఏదో ఒకటి పోగేసేవాడు. ఒకాయన స్టాంపులు, ఒకాయన పాత నాణేలు, ఇంకొకాయన ఆగిపోయిన గడియారాలు. ఏదీ దొరకనివాడు బీచికి పోయి గవ్వలు ఏరుకొచ్చి అద్దాల బీరువాలో పెట్టేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే కాఫీ కంటే ముందు ఆ బీరువా తెరుచుకునేది. చూసినవాడు తల ఊపకపోతే కాఫీ కూడా వచ్చేది కాదు. ఇలాంటి జనం మధ్య తొంభైల్లో మీసం మొలిచిన నేను మాత్రం ఎందుకు ఊరుకుంటాను? నేను కాగితాలు పోగేశాను. అచ్చయితే చాలు, ప్రతి కాగితమూ నాకు పనికొచ్చేదే. సినిమా కరపత్రాలు, అగ్గిపెట్టె బొమ్మలు, బీడీ కట్టల మీది కాగితాలు, సర్కస్ టికెట్లు, ముక్కూ మొహం తెలియనివాళ్ల శుభలేఖలు, చివరికి దగ్గు మందు సీసాతో పాటు వచ్చే పొడుగాటి మడత కాగితం కూడా. (దగ్గు లేకపోయినా మందు కొన్నాను. తాగాను కూడా, డబ్బు పోసి కొన్నాక పారబోస్తామా?) ఇంత గొప్ప సేకరణకు మా అమ్మ పెట్టిన పేరు "వాడి చెత్త". దుమ్ము దులపడానికి చీపురు తీసుకున్నప్పుడల్లా ఆ పేరు గట్టిగా పలికేది.

నా ఉద్యోగం వన్ టౌన్‌లో ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాగిరీ. ఇల్లు ఉక్కునగరంలో, నాన్నకు స్టీలు ప్లాంటు ఇచ్చిన క్వార్టరు. గోదావరి జిల్లా నుంచి నాన్న ఉద్యోగం వెంట వచ్చి పడ్డ కుటుంబం మాది. ఒకసారి రేవులోకి వచ్చిన ఓడ మీదికి సంతకాల కోసం వెళితే, అందులో వంటవాడు నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టాడు. కుట్టు లేదు. ఒకే ఒక పొడుగాటి కాగితాన్ని ముందుకీ వెనక్కీ మడతలు పెట్టి, రెండు చివర్లా రెండు అట్టలు అంటించారు. ఒక అట్ట పట్టుకుని రెండోది వదిలితే హార్మోనియం తిత్తిలా సాగిపోయింది. వాళ్ల ఊరేదో అందులో ఉంది. కొండ, వంతెన, వాన, గొడుగులు, ఒక మడతలోంచి ఇంకో మడతలోకి నడుచుకుంటూ పోతున్నాయి. ఆ సాయంత్రం బస్సులో దాన్ని విప్పితే అవతలి సీటు దాకా పోయింది. ఖాళీ చేపలబుట్ట ఒళ్లో పెట్టుకుని అక్కడ కూర్చున్న జాలరిపేట ఆమె రెండో చివర పట్టుకుని, "బాగున్నాది బాబూ, కొత్త సీర మడత ఇప్పినట్టున్నాది" అంది. నిజానికి అంతకంటే సరిగ్గా దాన్ని గురించి ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం ఆమె దిగగానే జేబురుమాలు తీసి ఆ మూల తుడిచాను. అదీ అప్పటి నా రసజ్ఞత.

ఈ పిచ్చికి ఊళ్లో ఒక మఠమూ, దానికొక పీఠాధిపతీ ఉన్నారని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆయనకు నేను పెట్టుకున్న పేరు తొడుగుల మాస్టారు. ఎవరికీ పాఠం చెప్పినవారు కాదు, రిటైరైన పెద్ద ఆఫీసరు. సముద్రం వైపు మేడ. నెలకోసారి ఆదివారం పూట ఆ మేడ మీద మడత పుస్తకాల అభిమానులు కూడేవారు. మాస్టారు తెల్లటి నూలు తొడుగులు చేతులకు వేసుకుంటే తప్ప పుస్తకం ముట్టేవారు కాదు. మన ఊరి ఉక్కపోత సంగతి మీకు తెలుసు కదా, కాసేపటికే ఆ తొడుగులు పిండితే నీళ్లు కారేట్టు తడిసేవి. ఆ తడి తొడుగులతోనే పుస్తకాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, "దీన్ని చదవకూడదోయ్. దర్శించాలి" అనేవారు. విప్పబోతే ఉలిక్కిపడేవారు. విప్పితే మడత నలుగుతుందట! మొదటి రెండు మడతలు వేలెడంత తెరిచి, లోపలికి తొంగిచూసి, మూసేయాలి. పక్కన ఒక పళ్ల డాక్టరు ఉండేవాడు. ఏది చూపించినా "ఆహా" అనడమే ఆయన పని. తల కిందులుగా పట్టుకుని చూపించినా "ఆహా"నే. పుస్తకాన్ని విప్పకుండా ప్రేమించే ఇలాంటి మహానుభావుల మధ్య చోటు దొరకడమే జన్మకు సార్థకత అని నేను నమ్మాను. అంత వెర్రివాణ్ణి.

చోటు ఊరికే దొరకదు. సభ్యత్వం కావాలంటే ఎవరికి వారు సొంతంగా ఒక మడత పుస్తకం తయారుచేసి, వార్షిక సమావేశంలో సభ్యులందరికీ తలొక కాపీ ఇవ్వాలి. అసలు మెలిక అక్కడ కాదు. ఆ సభ్యుల దగ్గర తప్ప లోకంలో ఇంకెక్కడా ఆ పుస్తకం ఉండకూడదు. "బయట ఒక్క కాపీ తిరిగినా అది కృతి కాదు, కరపత్రం" అని మాస్టారి తీర్పు. అంటే నలుగురు చూస్తే చెడిపోయే సరుకన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ, అప్పుడు ఆ మాట వినగానే నాకు గగుర్పాటు కలిగింది. వెంటనే చెప్పుల కొట్లో దొరికే రబ్బరు షీటు కొనుక్కొచ్చి, చాకుతో అచ్చుబొమ్మలు చెక్కడం మొదలుపెట్టాను. వేళ్లు కోసుకున్నాను. పుస్తకం పేరు "రేవు". డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర మొదలై, క్రేన్లు, ఖనిజం గుట్టలు, పడవలు, వలలు ఆరేసిన ఇసుక, దూరాన లంగరేసి వంతు కోసం చూస్తున్న ఓడ, అన్నీ ఒకే బారుగా సాగుతాయి. ఒక్కో మడతకు కింద ఒక్కో మాట. "అల". "తాడు". "నిరీక్షణ". చివరి మడత ఉత్త ఖాళీ. సముద్రం అనంతం కదా, అందుకని. (అనంతాన్ని రబ్బరు మీద చెక్కడం నాకు చేతకాలేదని ఎవరికీ చెప్పలేదు.)

అచ్చు వేయించడానికి వన్ టౌన్ సందులో ఉన్న పాత ప్రెస్సుకు వెళ్లాను. దాని యజమాని నన్ను బావా అనేవాడు, నేనూ ఆయన్ని బావా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, ఆ ఊరి మర్యాద అంతే. మడత పెట్టినా పగలని గట్టి అట్ట ఆయన దగ్గర ఒకటే రకం ఉంది. మీగడ రంగు, అంచున బంగారు గీత. పెళ్లికార్డుల అట్ట. దాని మీద నా రబ్బరు బొమ్మ పెట్టి చూసి బావ గడ్డం గోక్కున్నాడు.

"ఏటి బావా ఇది? ఓడకి పెళ్లి సేత్తన్నావేటి?"

"పెళ్లి కాదు బావా, పుస్తకం."

"ఏదైనా గానీ, ఈ అట్ట మీద శ్రీరస్తు శుభమస్తు నేకుండా నాను మెషిన్ తిప్పను. మా నాన్న తిప్పనేదు. ఓపాలి తిప్పితే బెల్టు తెగిపోనాది."

ఇది ఆధునిక కళ అని చెప్పాను. ఆధునికమైతే బెల్టు తెగదా అని అడిగాడు. సరే, కనిపించీ కనిపించకుండా సన్న అక్షరాల్లో వెయ్యమన్నాను. అట్లాగే అన్నాడు, అలవాటు సైజులోనే ఎర్ర సిరాతో నడినెత్తిన వేశాడు. నమూనా చూసి ముందు ఏడుపొచ్చింది. తర్వాత, ఇది స్థానిక సంప్రదాయంతో కళాకారుడి సంభాషణ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మాస్టారి భాష అప్పటికే తలకెక్కింది.

సరిగ్గా ఆ నెలలోనే మా అక్క పెళ్లి కుదిరింది. మా అక్కకు ఒక మనిషి నచ్చడం అంటే మాటలు కాదు. అంతకుముందు వచ్చినవాళ్లను ఒకణ్ణి నవ్వు బాలేదని, ఒకణ్ణి అసలు నవ్వడం లేదని తిప్పికొట్టింది. ఈ అబ్బాయి ప్లాంటులోనే ఉద్యోగం, వచ్చిన రోజు మా అక్క ఎదుట టీ ఒలకబోసుకుని తానే తుడుచుకున్నాడు. దాంతో పడిపోయింది. ఆ అబ్బాయి మేనత్త మా పక్క సెక్టారులోనే ఉంటుంది. సంబంధం తెచ్చింది ఆవిడే, వాళ్లింట్లో ఆవిడ ఎంత అంటే అంత. టౌన్‌షిప్‌లో హాలు దొరకక వన్ టౌన్‌లో రేవుకు దగ్గరగా ఒక కల్యాణ మండపం మాట్లాడారు. శుభలేఖల పని నేనే నెత్తిన వేసుకుని, "చూస్తూ ఉండండి, ఈ ఉక్కునగరంలో ఎవరూ చూడని కార్డు వేయిస్తాను" అని ఇంట్లో గొప్పలు పోయాను. ఆ పని కూడా ప్రెస్సు బావకే ఇచ్చాను. ఇంతవరకూ చెప్పింది వింటే, జరగబోయేది మీకు అర్థమై ఉంటుంది. నాకు మాత్రం కాలేదు.

టోకు కొట్లలో పెళ్లి సామాన్లు కొనడానికి నాన్న వన్ టౌన్ వెళ్లి, వస్తూ వస్తూ ప్రెస్సులో అడుగు పెట్టారు. బావ నా "రేవు" కట్ట ఆయన చేతిలో పెట్టి, "ఇవి అయిపోనాయి, మిగతాయి రేపు" అన్నాడు. నాన్న ఏమిటని అడగలేదు. నాన్న జీవితంలో దేన్నీ ఏమిటని అడిగిన మనిషి కాదు. ఆ రోజు నాకు ఓడ పని పడి, మర్నాడు సాయంత్రం గానీ ఇల్లు చేరలేదు. చేరేసరికి అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, మహా సంతోషంగా ఉంది.

"కార్డులు ఎంత బావున్నాయిరా! కొన్నే ఇచ్చాడట కదా. ఇవాళ మంచిరోజని కావాల్సినవాళ్ల ఇళ్లన్నీ తిరిగి పిలిచేశాను" అంది.

దేవుడి పటం ముందు నా పుస్తకం ఉంది. నాలుగు మూలలా పసుపు. నడిమధ్యన రూపాయి బిళ్లంత కుంకుమ. "ఇదేంటమ్మా?" అన్నాను.

"ఏంటేవిటి? పసుపు రాయకుండా శుభలేఖ పంచుతారా ఎవరైనా?"

"లోపల విప్పి చూశావా అసలు?"

"ఎందుకు చూడలేదు? మండపానికి దారి. బస్సు దిగితే కొండ, కొండ దాటితే క్రేన్లు, తర్వాత పడవలు. నాలాంటిదానికి కూడా తెలిసేట్టు వేశాడు పాపం."

"మరి ముహూర్తం ఏది అందులో?"

"అది నేను నోటితో చెప్తాను కదరా! బొట్టు పెట్టి చెప్పకుండా కార్డు పడేసి వచ్చే ఇల్లా మనది?"

ఆ రోజుల్లో పెళ్లికార్డులు కూడా అట్లాగే తయారయ్యాయి మరి. చుట్ట చుట్టినవీ, పెట్టెలో పెట్టినవీ, తెరిస్తే సన్నాయి మోగేవీ. పిలిచినవాళ్లు చెప్పిందే ముహూర్తం, కార్డు అలంకారం. కాబట్టి నా కృతి ఇంటింటికీ వెళ్లినా ఎవరికీ అనుమానం రాలేదు. వార్షిక సమావేశం వచ్చే ఆదివారమే. బయట ఒక్క కాపీ మిగిలినా నా సభ్యత్వం గంగలో కలిసినట్టే. అందుకని అమ్మకు ఒక్క ముక్క చెప్పకుండా, మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, భుజాన సంచి వేసుకుని బయల్దేరాను.

మొదట ఎదురింటికి. ఎదురింటి అత్తది భీమిలి వైపు. టీవీ మీద నా పుస్తకాన్ని వంకరటింకరగా నిలబెట్టి, పక్కన ప్లాస్టిక్ పూలు పెట్టింది. చివరి మడతలో, నా అనంత సముద్రంలో, గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో పెన్సిలుతో తారీకు రాసి ఉంది.

"అత్తా, ఈ కార్డు వెనక్కి ఇచ్చేయాలి" అన్నాను.

ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. "ఎనక్కా? పిలిసినోలే కార్డు ఎనక్కి తీసికెల్తారేటి నాయనా? ఏటయినాది?"

"ఏమీ కాలేదు. ఇది శుభలేఖ కాదు, కళాకృతి."

"మరి సుబలేక ఏదీ?"

"ఇంకా రాలేదు."

ఆవిడ నా మొహం కేసి అలా చూసి, గరిట కింద పెట్టి, చేతులు కడుక్కుని, పుస్తకాన్ని రెండు చేతులా పట్టి నాకు ఇచ్చింది. "మీ అమ్మని ధైర్నంగా ఉండమను బాబూ" అంది. ఎందుకు ధైర్యంగా ఉండాలో నాకు తట్టలేదు. ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. ఒక ఇంట్లో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఆయన దాన్ని మంచం మీద బారుగా పరిచి, "క్రేను కొండకు ఇటు కాదు, అటు ఉండాలి" అని భార్యతో వాదులాడుతున్నాడు. ఇంకొక ఇంట్లో ముసలావిడ భూతద్దం పెట్టుకుని, దూరాన ఉన్న ఓడ ఏ సరుకు తెచ్చిందో చెప్పమని మనవరాలి ప్రాణం తీస్తోంది. నేను వెనక్కి ఇమ్మనగానే అందరూ టక్కున నోరు మూసేవారు. జాలిగా చూసేవారు. కళ ఎదుట మనిషి మూగవాడవుతాడని మాస్టారు చెప్పేవారు కదా, ఇదే కాబోలు అనుకుని ఛాతీ విరుచుకుని ఇంకో గుమ్మం ఎక్కాను.

సంచి నిండేసరికి సాయంత్రం కావచ్చింది. ఇంటికొచ్చి చూస్తే ముందుగదిలో పెళ్లికొడుకు మేనత్త కూర్చుని ఉంది. కాఫీ ఆవిడ ముందు చల్లారిపోతోంది. అమ్మ మొహం పాలిపోయి ఉంది. నాన్న గోడ గడియారం కేసి చూస్తున్నారు.

"మా వల్ల తప్పుంటే మొహం మీదే చెప్పాల్సింది వదినగారూ" అంటోంది ఆవిడ, "ఇంటింటికీ వెళ్లి పిలుపులు వెనక్కి తీసుకుంటుంటే మాకు వీధిలో కూరగాయలవాడు చెప్పాలా? ఏం చూశారు మా వాడిలో?"

"అయ్యో, ఏ పిలుపులు? ఎవరు తీసుకున్నారు?" అని అమ్మ.

అప్పుడు అందరూ నన్నూ, నా భుజాన సంచినీ చూశారు. సంచి అంచున పసుపు అంటి ఉంది. పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చిన శుభలేఖ తిరిగి ఇంటికి రావడం అంటే మన వాళ్లలో ఒకే ఒక అర్థం. ఆ అర్థం పొద్దున నేను దాటిన ప్రతి గుమ్మం నుంచీ నాకంటే వేగంగా నడిచి పక్క సెక్టారు చేరిపోయింది. సభ్యులు, కృతి, బయట కాపీ ఉండకూడదన్న నిబంధన, అన్నీ వివరించబోయాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది. మేనత్త సంచిలోంచి ఒకటి తీసి విప్పి, మొదటి నుంచి చివరి దాకా చూసి, "ఇందుకా?" అంది. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో చెప్పలేను. మాస్టారు నా పుస్తకం గురించి ఏ సంగతీ అంత క్లుప్తంగా చెప్పి ఉండేవారు కాదు.

లోపలి గదిలోంచి అక్క వచ్చింది. ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. "నీ కాగితాలు కావాలో నా పెళ్లి కావాలో ఇప్పుడే తేల్చరా" అంది. మా అక్క అంత మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. నాకు నిజంగా భయం వేసింది.

మేనత్తే దారి చెప్పింది. ఆ రాత్రి లోపలే ఎవరి దగ్గర తీసుకున్నది వాళ్ల చేతికే తిరిగి ఇవ్వాలి, మళ్లీ పసుపు రాసి, మళ్లీ బొట్టు పెట్టి, మళ్లీ పిలవాలి. సరే అన్నాను. మూలలన్నీ నేనే రాశాను. అమ్మ పసుపు గిన్నె నా ముందు పెట్టి, తాను చీర మార్చుకోవడానికి వెళ్లిపోయింది. నేను చాకుతో చెక్కి, వేళ్లు కోసుకుని, బంగారు గీత చెదరకుండా మడతలు పెట్టిన కృతులకు నా వేలితోనే పసుపు పులిమాను. తర్వాత కుంకుమ భరిణె పట్టుకుని అమ్మ వెనక ఇంటింటికీ నడిచాను. మగపిల్లవాడు భరిణె పట్టుకుని పిలుపులకు రావడం ఆ సెక్టారు చూడలేదు, బాల్కనీల్లో జనం నిలబడి చూశారు. ఎదురింటి అత్త గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఒచ్చీసినాదా! నా గేస్ తారీకు సెరిపీనేదు కదేటి?" అంది. (చెరిపేశాను. సంచిలో వేసుకోగానే రబ్బరు పెట్టి రుద్దాను.) అమ్మ నా కేసి ఒక్క చూపు చూసింది. అక్కడే నిలబడి, పెన్ను తీసి, ఆవిడ చెప్తూ ఉంటే నా అనంత సముద్రం మీద నా చేత్తోనే గ్యాస్ బండ తారీకు రాసి ఇచ్చాను. ఇంతా అయ్యాక ఇంటికొస్తే మేనత్త ఇంకా కదల్లేదు. "అందరికీ ఇచ్చి మాకు ఇవ్వరా?" అంది. దేవుడి ముందున్నది కూడా అప్పటికే ఎవరికో ఇచ్చేశాం, ప్రెస్సులో మొదట తీసిన నమూనా, నా మంచం కింద దాచుకున్నది, ఒక్కటే మిగిలింది. పసుపు తగలనిది. అమ్మ దానికీ రాసింది.

ఆదివారం ఉత్త చేతులతో మేడ ఎక్కాను. సభ్యులు ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకుంటున్నారు. అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో సీలు వేసి ఉన్నాయి, తీసేవాడు ఎవడూ లేడు. నా వంతు రాగానే జరిగింది చెప్పాను. మాస్టారు తొడుగులు వేసుకున్న చేత్తో నుదురు పట్టుకున్నారు.

"ఇచ్చేశావా? వాళ్లకా? వాళ్లేం చేసుకుంటారయ్యా దాన్ని?"

"విప్పి చూశారండి" అన్నాను.

"విప్పారా! మొత్తమా?"

"మొత్తమండి. చివరి మడత దాకా. క్రేను తప్పు వైపు ఉందన్నారు."

డాక్టరు ఆహా అనడం మరిచిపోయి, "ఉందా?" అని అడిగాడు.

"ఉందండి" అన్నాను.

నాకు సభ్యత్వం రాలేదని వేరే చెప్పాలా? తలెత్తుకుని లేచి వచ్చేశానని చెప్పుకుంటే బాగుంటుంది. కాఫీ తాగే వచ్చాను. మాస్టారింట్లో కాఫీ బాగుంటుంది.

దూరపు చుట్టాలకు అసలు శుభలేఖలు పోస్టులో వెళ్లాయి, అక్క పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. పెళ్లికొడుకు తాళి కట్టేటప్పుడు కూడా ఏదో ఒలకబోశాడు. మేనత్త నన్ను పంక్తిలో ముందు కూర్చోబెట్టి రెండు లడ్లు అదనంగా వేయించింది. ఆ తర్వాత నేను మళ్లీ ఏ మఠంలోనూ చేరలేదు. పోగేయడం మాత్రం మానలేదు. రెండువేల సంవత్సరం దాటాక ప్రెస్సు బావ మెషిన్ తూకానికి వేసి కంప్యూటర్ పెట్టాడు. నా మడత పుస్తకాలు నాలుగు బీరువాలయ్యాయి, జుట్టు పల్చబడింది. ఇప్పుడు కుర్రాళ్లు వచ్చి మా బీరువా ఫొటోలు తీసుకుంటూ "అరుదైనవి సార్" అంటారు. అరుదు! నా దగ్గర లేనిది ఒక్కటే, అది నా పుస్తకం. వన్ టౌన్ పాత కాగితాల కొట్లు నెలకోసారి గాలిస్తాను. క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్ల సామాను అక్కడికే చేరుతుంది కదా, ఎప్పుడో ఒకటి తగలకపోతుందా అని. ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. అంటే ఎవరూ అమ్ముకోలేదన్నమాట అంటాను నేను. "ఎప్పుడో నీళ్ల పొయ్యిలో పెట్టి ఉంటారురా" అంటుంది అక్క. అదే నిజం కావచ్చు. అయినా కొట్లో పాత కట్ట కనబడితే, ఏం బొమ్మ, ఎవరి అచ్చు అని చూడను. ముందు మూలలు చూస్తాను, పసుపు ఉందేమోనని.